దీపావళి భయానికి మందు చవితి నుంచే మొదలుపెట్టాలి

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

పోయిన దీపావళి అయిన వారం పది రోజుల్లో వచ్చిన ఉత్తరాలివి. నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి, మధ్యలో కావలి, సింగరాయకొండ నుంచి కూడా. అందరిదీ ఒకటే బాధ, టపాకాయల మోతకు మా ఇంటి మూగజీవం ఏమైపోయిందో చూడండి డాక్టరుగారూ అని. అప్పుడే జవాబు రాయకుండా ఇన్నాళ్లు దాచినందుకు ఏమీ అనుకోకండి. పండగ అయిపోయాక చెబితే మరిచిపోతారు, పండగ ముందు రోజు చెబితే చేయడానికి టైముండదు. ఇంకో వారంలో వినాయక చవితి. అక్కణ్ణుంచి దీపావళి అమావాస్య దాకా లెక్కేసుకుంటే దాదాపు 8 వారాలు చేతిలో ఉంటాయి, ఒక కుక్కకు శబ్దం అలవాటు చేయాలంటే ఆ మాత్రం టైము కావాలి.

ప్రశ్న: మాది మూడేళ్ల నాటు కుక్క, పేరు బుజ్జి. పోయిన దీపావళికి రాత్రి ఏడున్నరప్పుడు పక్కింటి పిలకాయలు థౌజండ్ వాలా అంటించారు. బుజ్జిని గేటు దగ్గర గొలుసుతో కట్టేసి ఉన్నాం. మెడపట్టీలో నుంచి తల లాక్కొని గోడ దూకి పోయింది. రెండు రోజులు ఊరంతా వెతికాం, చివరికి రంగనాయకుల గుడి అవతల ఏటి ఒడ్డున ముళ్లచెట్ల కింద దొరికింది, కాళ్లనిండా గాయాలు. ఇప్పుడు తలుపు గట్టిగా పడినా మంచం కిందికి దూరుతోంది. నేను దగ్గరికి తీసుకుంటే మావారు, అట్టా ముద్దు చేస్తే భయం ఇంకా ముదురుతుంది వదిలెయ్ అంటారు. ఎవరి మాట నిజం? (ఒక పాఠకురాలు, మూలాపేట, నెల్లూరు)

మీ మాటే నిజం అమ్మా. దగ్గరికి తీసుకోండి. మీవారిని తప్పు పట్టడం లేదు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చెప్పేవాణ్ని, భయపడినప్పుడు పట్టించుకోవద్దు, పట్టించుకుంటే అలవాటవుతుంది అని. ఎంతమందికి చెప్పానో, ఎన్ని కుక్కలు ఆ రాత్రుళ్లు ఒంటరిగా వణికాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. భయం అనేది కుక్క కావాలని చేసే పని కాదు. ముద్ద పెడితే మళ్లీ మళ్లీ చేద్దామనుకోవడానికి అదేమీ షేక్‌హ్యాండ్ ఇవ్వడం లాంటిది కాదు కదా. దసరాకు పులివేషం చూసి ఏడ్చే చంటిపిల్లను తల్లి ఎత్తుకుంటే ఆ పిల్ల భయం తగ్గుతుందా, పెరుగుతుందా? ఇదీ అంతే. బుజ్జి మీ దగ్గరికి వస్తే ఒళ్లో పెట్టుకోండి, నిదానంగా నిమరండి, మామూలు గొంతుతో మాట్లాడండి. మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి, మీరు పక్కన చాప వేసుకొని కూర్చోండి. లాగొద్దు, అరవొద్దు, భయం పోవాలని టపాకాయల దగ్గరికి అసలు తీసుకుపోవద్దు.

అసలు అది ఎందుకంత భయపడుతుందో తెలిస్తే మీ ఇంట్లో వాళ్లకు కూడా చెప్పొచ్చు. మన చెవికి 20 వేల హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) దాకా వినిపిస్తుంది, కుక్కకు దాదాపు 45 వేల దాకా. కీచు శబ్దాలే కాదు, మనకు ఆనని చిన్న చప్పుడు కూడా దానికి ఆనుతుంది. పైగా లక్ష్మీ బాంబు ఎప్పుడు పేలుతుందో మనకు తెలుసు, వత్తి అంటించిన పిల్లవాడు పరిగెత్తడం చూస్తాం, చెవులు మూసుకుంటాం. దానికి ఏ హెచ్చరికా లేదు, ఎటునుంచి వస్తుందో తెలియదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఒక్కసారిగా ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, పారిపో అనే ఒకటే మాట తలలో మోగుతుంది. గోడ ఎత్తెంతో, మెడకు గొలుసుందో లేదో అప్పుడు దానికి తెలియదు. అందుకే గేటు దగ్గర గొలుసుతో కట్టడం ఆ ఒక్క రాత్రికి చాలా ప్రమాదం. గోడ దూకి గొలుసుకు వేలాడి ఊపిరాడక చనిపోయిన కుక్కను నేను నా చేతులతో పరీక్ష చేశాను. దయచేసి కట్టొద్దు.

ఇప్పుడు చేయాల్సింది. బుజ్జికి ముదిరిపోయింది కాబట్టి, తలుపు చప్పుడుకే దాక్కుంటోంది కాబట్టి, ముందు డాక్టరుకు చూపించండి. ఇలాంటి వాటికి అలవాటు చేయడం ఒక్కటే సరిపోకపోవచ్చు, కొన్నాళ్లు రోజూ వేసే మందు, పండగ రాత్రికి వేరే మందు అవసరం పడొచ్చు. దాంతోపాటు ఇంట్లో ఇలా మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో టపాకాయల శబ్దం దొరుకుతుంది. ఫోను స్పీకరులో బాంబు మోతలోని ఆ గుండెలదిరే ధన్‌మనే చప్పుడు రాదు, బ్లూటూత్ స్పీకరు ఉంటే మేలు. మొదటి రోజు మీకే వినీ వినపడనంత సన్నగా పెట్టండి. శబ్దం మొదలవగానే దానికి బాగా ఇష్టమైన తిండి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి ముక్కో, ముల్లు తీసిన చేపో, ఒక్కొక్క చిన్న ముక్క చొప్పున పెడుతూ ఉండండి. శబ్దం ఆగితే తిండీ ఆగాలి. ఈ వరస ముఖ్యం, ముందు శబ్దం, వెంటనే తిండి. తిండి చూపించి ఆ తర్వాత శబ్దం పెట్టారంటే కోడి ముక్కను చూసినా భయపడే రోజు వస్తుంది. ఐదారు నిమిషాలు చాలు, రోజుకు ఒకటి రెండు సార్లు. చెవులు అటు తిప్పి మళ్లీ తినడంలో పడిందంటే సరిగ్గా ఉన్నట్టు. తిండి వద్దని మొహం తిప్పుకున్నా, రొప్పినా, ఊరికే ఆవలించినా, మూతి నాక్కుంటున్నా సౌండ్ ఎక్కువైందని అర్థం, వెంటనే తగ్గించేయండి. రెండు మూడు రోజులు హాయిగా తిన్నాక కొంచెం పెంచండి. తొందరపడితే మొదటికి వస్తుంది. మధ్యలో వినాయకుడి నిమజ్జనాలుంటాయి, డీజేలు, టపాసులు, ఆ రోజుల్లో ఈ సాధన ఆపేయండి, ఆ మోతతోనే దానికి సరిపోతుంది.

ఇంకోటి. మన నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాల్లోనే పడతాయి, వాయుగుండాలూ అప్పుడే. టపాకాయలకు భయపడే కుక్కల్లో చాలా వాటికి ఉరుములన్నా భయమే. అంటే మన దగ్గర దానికి దీపావళి ఒక్క రాత్రి కాదు, దాదాపు మూడు నెలల టెన్షన్. వేరే ఊళ్లలో వాళ్లు పండగ మూడు రోజులు కాపాడుకుంటే గట్టెక్కుతారు, మనం కొంచెం ఎక్కువ ఓపిక పట్టాలి.

పండగ రోజు సంగతి. పొద్దు ఉండగానే, ఐదు లోపల, బాగా తిప్పుకొచ్చి దొడ్డికి, ఒంటికి అన్నీ అయ్యేలా చూడండి. తిండి కూడా కాస్త ముందే పెట్టేయండి, భయం మొదలయ్యాక ముట్టదు. ఇంట్లో వీధి వైపు కిటికీ లేని గది ఏదైతే అది దానికి ఇచ్చేయండి, మంచం కిందో బీరువా పక్కనో పాత దుప్పట్లు పరవండి, మీరు కట్టి విప్పిన చీర ఒకటి వేస్తే మీ వాసన తోడుంటుంది. తలుపులు వేసి, మెరుపులు కనపడకుండా కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి, ఫ్యానో కూలరో తిప్పి, టీవీ పెట్టండి. నీళ్లు దగ్గరుండాలి. ఎవరో ఒకరు తోడుండాలి, మీ ఇంట్లో వాళ్లు వంతులేసుకోండి. ప్రతి పేలుడుకూ ఒక ముక్క దాని ముందు వేయండి, తింటే మంచిదే, తినకపోతే బలవంతం చేయొద్దు. మెడపట్టీకి మీ ఫోను నంబరు రాసిన బిళ్ల కట్టించండి, ఈసారి రెండు వేళ్లు పట్టేంత బిగువుగా ఉండాలి, తల జారిపోయేంత వదులుగా వద్దు. ఇంటికొచ్చే చుట్టాలు గేటు తీసి అలాగే వదిలేస్తుంటారు, ఆ రోజు గేటుకు తాళం వేసుకోండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లూ టపాకాయలు కాలుస్తుంటే పక్కనే కూర్చునేది. పోయిన సంవత్సరం మాత్రం ఒళ్లంతా వణికిపోయింది, రాత్రంతా గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది. వయసైపోయిందని వదిలేయాలా? (లాయర్‌పేట, ఒంగోలు)

వదిలేయొద్దండీ. వయసు మీద పడ్డాక కొత్తగా వచ్చిన శబ్ద భయం వెనక చాలాసార్లు నొప్పి ఉంటుంది. చప్పుడుకు ఉలిక్కిపడి ఒళ్లు బిగబట్టినప్పుడల్లా అరిగిన కీలు కలుక్కుమంటుంది, అలా ఆ నొప్పీ ఈ శబ్దమూ దాని బుర్రలో ఒకటైపోతాయి. లాబ్రడార్లకు తుంటి, మోచేయి కీళ్ల బాధలు మామూలే, అందులోనూ కాస్త ఒళ్లు చేసి ఉంటే చెప్పక్కర్లేదు. లేచేటప్పుడు మూలుగుతోందా, మెట్లెక్కడానికి ఆలోచిస్తోందా, ఇదివరకు సోఫా ఎక్కేది ఇప్పుడు మానేసిందా చూడండి. ఎక్స్‌రే తీయించండి. నొప్పికి వైద్యం చేస్తే భయం కూడా దిగిన కుక్కలను చూశాను. మనుషులకు వాడే నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు, వాటిలో కొన్ని కుక్క కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలు పాడుచేస్తాయి.

ప్రశ్న: పండగ రోజు మెడికల్ షాపులో అడిగితే నిద్రమాత్ర ఇచ్చారు, సగం వేశాం. కుక్క పడుకుంది గానీ కళ్లు తెరుచుకునే ఉంది. వేయొచ్చా అది? (కావలి)

వేయకూడదు. మీరు రాసిన ఆ కళ్లు తెరుచుకునే ఉంది అన్న మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. కొన్ని మత్తు మందులు కాళ్లూ చేతులూ కదలకుండా చేస్తాయి, భయాన్ని మాత్రం తగ్గించవు. చూసేవాళ్లకు ప్రశాంతంగా పడుకున్నట్టే ఉంటుంది, లోపల అది అంతా వింటూ, పారిపోలేక, నోరు కూడా లేక ఉంటుంది. ఒకప్పుడు కుక్కలకు ఎక్కువగా వాడిన ఏస్‌ప్రొమజిన్ అనే మత్తు మందుతో వచ్చిన చిక్కే ఇది, అందుకే శబ్ద భయానికి దాన్ని ఒక్కదాన్నే వాడటం ఇప్పుడు మంచిది కాదంటున్నాం.

భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. ఏది, ఎంత అన్నది దాని బరువు, గుండె, లివరు చూసి డాక్టరు చెప్పాలి, ఇక్కడ పేర్లు రాస్తే ఎవరో ఒకరు షాపుకు పోయి కొనుక్కుంటారు కాబట్టి రాయడం లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పండగకు కనీసం రెండు మూడు వారాల ముందు పోవాలి. మామూలు రోజున ఒకసారి వేసి చూడాలి, ఎందుకంటే కొన్ని కుక్కలకు ఆ మందే తలకిందులుగా పనిచేసి ఇంకా రెచ్చిపోతాయి, అది దీపావళి రాత్రి ఎనిమిదింటికి తెలిస్తే ఏం చేస్తాం? పండగ రోజున కూడా మోత మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు, డాక్టరు చెప్పిన టైముకు ముందే పడాలి.

ప్రశ్న: పిల్లి అటక మీదికెక్కి రెండు రోజులు దిగలేదు. ఏం చేయాలి? (ఒంగోలు)

ఏమీ చేయకండి, అదే దానికి మేలు. పిల్లి చెవి కుక్కకంటే చురుకు, 60 వేల హెర్ట్జ్ పైన కూడా వినగలదు. ఎత్తైన చోట, ఇరుకు చోట దాక్కోవడమే దాని ధైర్యం. ఈసారి ముందే అటక మీద ఒక అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి పెట్టండి, నీళ్లు, తిండి, మట్టి తొట్టి అదే గదిలో ఉంచండి. సాయంత్రం నుంచి బయటికి వదలొద్దు. ఎవరన్నా పారాసెటమాల్ ముక్క వేస్తే నెమ్మదిస్తుందని చెబితే వినొద్దు. పారాసెటమాల్‌ను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి లివరుకు లేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోతుంది. రెండో రోజుకూ ఏమీ తినకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, పిల్లి పస్తులుంటే లివరు దెబ్బతింటుంది.

ప్రశ్న: మా కొట్టం పక్కనే కొత్తగా కల్యాణ మండపం కట్టారు. ముహూర్తాలప్పుడు రాత్రీ పగలూ టపాసులే. బర్రె పాలు చేపడం లేదు, ఒక పెయ్య పలుపు తెంపుకొని గుంజకు గుద్దుకుంది. దీపావళికంటే ఇదే మాకు పెద్ద బాధ. (కోవూరు దగ్గర ఒక రైతు)

మీ ఉత్తరం చూసి సంతోషించాను, ఎందుకంటే ఈ విషయంలో అందరూ కుక్కల గురించే అడుగుతారు, గొడ్ల గురించి ఎవరూ అడగరు. బర్రె చేపాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను మెదడు నుంచి రక్తంలోకి దిగాలి. బెదిరినప్పుడు పుట్టే అడ్రినలిన్ దాన్ని పనిచేయనివ్వదు. పాలు పొదుగులోనే ఉంటాయి గానీ దిగవు. మొండికేసిందని కొట్టారంటే అడ్రినలిన్ ఇంకా పెరుగుతుంది, ఆ పూట ఇక పాలు మరిచిపోవాల్సిందే. పాలు తీయకుండా పొదుగులో అలాగే నిలవుంటే పొదుగువాపుకు కూడా దారి తీయొచ్చు.

మండపం వాళ్లతో మాట్లాడి ఆ నెల ముహూర్తాల తేదీలు రాసి తెచ్చుకోండి, ఊరేగింపు ఎన్నింటికో కనుక్కోండి, పాలు పితికే టైము దానికి ముందుకు జరుపుకోండి. మోత జరిగే సేపు గొడ్లను కొట్టంలో గోడ వైపు కట్టండి, వీధి వైపు గోనెపట్టాలు దించండి, లైటు వేసి ఉంచండి, చీకట్లో మెరుపులు మరీ బెదరగొడతాయి. పలుపు మరీ పొట్టిగా కట్టొద్దు, కాళ్లకు చుట్టుకునేంత పొడుగూ వద్దు. నిండు చూడి బర్రె ఉంటే ఆ రెండు రోజులు ఊరవతల చుట్టాల కొట్టంలో కట్టుకోవడం అన్నిటికన్నా మేలు. వరిగడ్డి వామి మీద రాకెట్టు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, నాలుగు డ్రమ్ముల నీళ్లు పక్కన నింపి ఉంచండి. గొర్రెలున్న వాళ్లు ఎవరన్నా చదువుతుంటే వాళ్లకొక మాట, మంద బెదిరిందంటే అన్నీ ఒక మూలకు తోసుకుంటాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి, కాబట్టి ఆ రాత్రి ఇరుకు దొడ్డిలో కిక్కిరిసి పెట్టకుండా కాపరి మందలోనే ఉండాలి.

చట్టం కూడా మీ వైపు ఉంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మోత చేసే టపాసులు కాల్చకూడదు. దీపావళికైతే రాత్రి 8 నుంచి 10 వరకే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లివాళ్లతో గొడవ పెట్టుకోమని కాదు, మండపం యజమానికి ముందే మర్యాదగా చెప్పి, వినకపోతే అప్పుడు స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వండి. గొడ్డుకు దెబ్బ తగిలితే 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా వీధిలో పెద్ద పిల్లలు కుక్కపిల్ల తోకకు సీమటపాకాయల సరం కట్టి అంటించారు. నేను వద్దంటే నవ్వారు. దాని తోక కాలింది. ఇప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వదు. నేనేం చేయాలి? (సింగరాయకొండ)

నాయనా, నువ్వు వద్దన్నావు చూడు, ఆ వీధిలో ఆ రోజు సరైన పని చేసింది నువ్వొక్కడివే. ఆ పిల్లలు చేసింది నేరం. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలు కూడా దాటదు, అది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే సంగతే, కానీ భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వేరే ఉంది, జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈ మాట మీ నాన్నకో, బడిలో టీచరుకో చూపించు. పండగ ముందు వాళ్లు ఆ పిల్లలను, పిల్లల పెద్దవాళ్లను పిలిచి చెబితే చాలావరకు ఆగుతుంది. మళ్లీ ఎవరన్నా చేస్తుంటే నువ్వు ఒక్కడివే అడ్డం పడొద్దు, పెద్దవాళ్లను పిలువు, 112కు ఫోను చేయించు.

ఏ జంతువుకు కాలినా అందరూ ముందు పసుపో, టూత్‌పేస్టో, ఇంకో పసరో పూస్తారు. అవేవీ వద్దు. మామూలు చల్లని నీళ్లు పది ఇరవై నిమిషాలు ధారగా పోయాలి, ఐసు పెట్టకూడదు, తడి శుభ్రమైన గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పేలకుండా మిగిలిన టపాకాయలు పొద్దున్నే ఊడ్చి ఎత్తేయాలి, ఆకుపచ్చగా వెలిగే వాటిలో బేరియం ఉంటుంది, వీధి కుక్కలు, ఆవులు అవి కొరికితే వాంతులు, విరేచనాలు, కాళ్లు పడిపోవడం దాకా పోతుంది. మీ వీధిలో ఆ పని నువ్వూ నీ స్నేహితులూ చేయొచ్చు, చేతులు కడుక్కోవడం మరవొద్దు.

ఆ కుక్కపిల్లను పట్టుకోవడానికి ప్రయత్నించొద్దు. రోజూ ఒకే టైముకు, ఒకే చోట, దూరంగా కొంచెం పెరుగన్నం పెట్టి నువ్వు వెనక్కి వచ్చి కూర్చో. కళ్లలోకి సూటిగా చూడొద్దు, పక్కకు తిరిగి కూర్చో. రోజుకొక అడుగు చొప్పున అదే దగ్గరికి వస్తుంది, పది రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. దగ్గరికి రావడం మొదలుపెట్టాక మీ నాన్నను తోడు పెట్టుకొని పశువుల ఆస్పత్రికి తీసుకుపో, తోక చూపించు, రేబిస్ టీకా కూడా వేయించు. ఈ లోపల అది కరిచినా, గీరినా, తిడతారని ఇంట్లో దాచొద్దు. వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోవాలి.